మిర్చి మంట, పత్తి మందు, తేలు విషం: కణపొరలోని అయాన్ మార్గాల కథ

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి రాశులతో ఎర్రబారుతుంది. బస్తాలు విప్పే చోట కాసేపు నిలబడితే ముక్కు కారుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి, గొంతులో గరగర మొదలవుతుంది. తొడిమలు తీసే కూలీల వేళ్లు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి. ఆ వేళ్ల వేడి కొలిచి చూస్తే మామూలుగానే ఉంటుంది. చర్మం కాలదు, బొబ్బ లేవదు. అయినా మెదడుకు అందే కబురు మాత్రం నిప్పు తగిలినప్పుడు అందేదే.

ఆ కబురును పుట్టించేది నాడీకణం పొరలో ఇమిడి ఉన్న ఒక ప్రోటీన్. శాస్త్రజ్ఞులు దానికి టీఆర్‌పీవీ1 అని పేరు పెట్టారు. మిరపలోని క్యాప్సైసిన్ తగలగానే ఈ ప్రోటీన్ నడుమ సన్నని దారి తెరుచుకుంటుంది. ఆ దారిగుండా సోడియం, కాల్షియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, కణంలోకి చొరబడతాయి. నాడిలో సంకేతం బయలుదేరుతుంది. ఇలాంటి ప్రోటీన్లనే అయాన్ మార్గాలు, లేదా అయాన్ చానెళ్లు అంటారు. మనిషి జన్యువుల్లో మూడు వందలకు పైగా వీటి తయారీకే కేటాయించి ఉన్నాయి. గుండె కొట్టుకోవడం, కండరం బిగియడం, చూపు, వినికిడి, నొప్పి, ఆలోచన అన్నీ వీటి మీదే నడుస్తాయి. ఓరుగల్లు చుట్టుపక్కల మిర్చి తోటలకూ పత్తి చేలకూ కొట్టే పురుగు మందుల్లో చాలావాటికి గురి కూడా ఇవే. అందుకే ఈ విషయం ఇంటర్ బైపీసీ విద్యార్థి పరీక్ష కోసం చదివి వదిలేయాల్సింది కాదు. రైతుకూ, కూలీకీ, రోగికీ నేరుగా పనికొచ్చే జ్ఞానం ఇందులో ఉంది.

ముందు కణపొర సంగతి. దాని మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మీటరులో ఇరవై కోట్లవ వంతు. అది ప్రధానంగా కొవ్వు అణువుల రెండు వరుసల కూర్పు. సోడియం, పొటాషియం వంటి అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి వాటి చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. నీటిని వదిలి కొవ్వులోకి దిగడం వాటి వల్ల కాదు. ప్రోటీన్లు దారి ఇవ్వకపోతే అయాన్లకు కణపొర దాటరాని గోడే.

ఈ గోడకు రెండు పక్కలా సరుకు సమానంగా లేదు. కణం లోపల పొటాషియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్‌లు ఉంటే బయట రక్తంలో నాలుగైదు మాత్రమే. సోడియం దీనికి తలకిందులు: బయట సుమారు 145, లోపల పది పదిహేను. కాల్షియం తేడా మరీ ఎక్కువ, లోపలికంటే బయట పది వేల రెట్లకు పైనే. సోడియం, పొటాషియం తేడాలను నిలబెట్టేది సోడియం పొటాషియం పంపు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో దీన్ని గుర్తించాడు, 1997లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు. పంపు ఒక్కో విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఇందుకు కణం తన శక్తి నిల్వల నుంచి ఖర్చు పెట్టుకోవాలి. మెదడు శరీర బరువులో రెండు శాతమే అయినా శరీరం వాడే శక్తిలో ఇరవై శాతం దాకా లాగేసుకోవడానికి ఈ పంపుల ఖర్చు ఒక పెద్ద కారణం.

పంపుకూ మార్గానికీ ఉన్న తేడాను కాకతీయుల చెరువులున్న నేలవారికి తేలిగ్గా చెప్పవచ్చు. చెరువు నింపడం పెద్ద శ్రమ. నిండిన చెరువు తూము ఎత్తితే నీరు తనంతట తానే పారుతుంది. పంపు సెకనుకు వంద విడతలు తిరిగితే గొప్ప. తెరుచుకున్న అయాన్ మార్గం గుండా అదే సెకనులో కోటి అయాన్లు దాటగలవు. ఎక్కడ వేగం కావాలో అక్కడ కణం పంపును నమ్ముకోదు. ముందుగానే తేడాను పోగుచేసి పెట్టుకుని, సమయం వచ్చినప్పుడు మార్గాన్ని తెరుస్తుంది.

విశ్రాంతిలో ఉన్న నాడీకణం పొరకు అటూ ఇటూ సుమారు 70 మిల్లీవోల్టుల విద్యుత్ తేడా ఉంటుంది, లోపలివైపు రుణం. చెప్పుకోదగ్గ వోల్టేజీలా అనిపించదు. అయితే అది 5 నానోమీటర్ల మందంలో ఉంది. లెక్క కడితే మీటరుకు దాదాపు కోటీ నలభై లక్షల వోల్టులు. మామూలు గాలి మీటరుకు ముప్పై లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక నిప్పురవ్వలు రాలుస్తుంది. కణపొరలోని ప్రోటీన్లు ఇంతటి విద్యుత్ క్షేత్రంలో నిత్యం మునిగి ఉంటాయి. ఆ క్షేత్రంలో కాస్త మార్పు వచ్చినా వాటి ఆకారం మారడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అయాన్ మార్గం గురించి అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. పొటాషియం మార్గం పొటాషియాన్ని పోనిస్తుంది, సోడియాన్ని ఆపుతుంది. పది వేల పొటాషియం అయాన్లు దాటే వ్యవధిలో పొరపాటున ఒక సోడియం దాటితే దాటవచ్చు. కానీ రెండింటిలో సోడియమే చిన్నది. పొటాషియం అయాన్ వ్యాసార్ధం 0.133 నానోమీటర్లు, సోడియానిది 0.095. పెద్దది పట్టే రంధ్రంలో చిన్నది ఎందుకు పట్టదు? జల్లెడ లెక్క ఇక్కడ పనిచేయదు. ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను దశాబ్దాల పాటు వేధించింది.

జవాబు 1998లో కంటికి కనిపించింది. అమెరికా శాస్త్రజ్ఞుడు రోడెరిక్ మెకినన్, స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ అనే నేలలో బతికే బాక్టీరియా నుంచి తీసిన పొటాషియం మార్గాన్ని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో దాని నిర్మాణాన్ని బయటపెట్టాడు. నాలుగు ఒకేలాంటి ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడి నడుమ దారిని ఏర్పరుస్తాయి. ఆ దారిలో ఇరుకైన భాగం పొడవు నానోమీటరు కంటే కొంచెం ఎక్కువ. దాని గోడల వెంట ఆక్సిజన్ పరమాణువులు లోపలివైపు తిరిగి వరుసలు కట్టి ఉంటాయి. పొటాషియం అయాన్ తన చుట్టూ ఉన్న నీటి అణువులను వదిలి ఇందులో దిగితే, ఆ నీటిలోని ఆక్సిజన్లు ఎంత దూరంలో ఉండేవో సరిగ్గా అంతే దూరంలో గోడ ఆక్సిజన్లు అందుతాయి. నీటిని పోగొట్టుకున్న నష్టం అక్కడికక్కడే పూడుతుంది. సోడియానికి ఈ కొలత సరిపోదు. అది చిన్నది కాబట్టి అన్ని గోడల ఆక్సిజన్లూ దానికి ఒకేసారి అందవు. నీటిని వదులుకుంటే నష్టమే కానీ భర్తీ లేదు. అందుకని అది నీటితోనే ఉండిపోతుంది, లోపలికి రాదు. అడ్డగించడం లేదు, తోసేయడం లేదు. ఒకరికి గిట్టుబాటు, మరొకరికి నష్టం, అంతే తేడా. ఇంత సూటి జవాబు జీవశాస్త్రంలో అరుదు. మెకినన్‌కు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. నీటి అణువుల మార్గాలను కనుగొన్న పీటర్ ఆగ్రేతో కలిసి దాన్ని పంచుకున్నాడు.

ఏ అయాన్‌ను పోనివ్వాలన్నది సగం కథే. ఎప్పుడు పోనివ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మిగతా సగం. పాఠ్యపుస్తకాలు నాడీ ప్రచోదనం గురించి చెప్పేటప్పుడు సోడియం మార్గాలు తెరుచుకోవడాన్ని విపులంగా వివరిస్తాయి, మూసుకోవడాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. నిజానికి విషాల సంగతి, మందుల సంగతి అర్థం కావాలంటే పట్టుకోవాల్సింది మూసుకోవడాన్నే.

అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు మీద ప్రయోగాలు చేశారు. ఆ తంతువు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావుంటుంది, అందులోకి సన్నని ఎలక్ట్రోడ్‌ను నేరుగా దూర్చవచ్చు. 1952లో వాళ్లు ప్రచురించిన సమీకరణాలు నాడీ సంకేతం ఎలా పుట్టి ఎలా సాగుతుందో అంకెల్లో చెప్పేశాయి. అప్పటికి అయాన్ మార్గాన్ని ఎవరూ చూడలేదు. అది ప్రోటీన్ అని కూడా తేలలేదు. అయినా సోడియం ప్రవాహానికి వాళ్లు రెండు వేర్వేరు రాశులు వాడారు. ఒకటి తెరుచుకోవడానికి, ఇంకొకటి తెరుచుకున్నాక తనంతట తాను మూతపడటానికి. వోల్టేజీ ఇంకా అలాగే ఉన్నా ప్రవాహం ఆగిపోతుందని వాళ్ల కొలతలు చెప్పాయి. 1963లో వారికి నోబెల్ దక్కింది.

ఆ తర్వాత ఎర్విన్ నెహర్, బెర్ట్ సక్‌మన్ 1976లో మైక్రోమీటరు మొనగల గాజు గొట్టాన్ని కణపొరకు ఆనించి, ఒకే ఒక్క మార్గం గుండా పారే విద్యుత్తును కొలిచారు. అది ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతుల్లో ఉంటుంది. అలాంటి ఒక్క వంతు విద్యుత్తు అంటే సెకనుకు అరవై లక్షల అయాన్లు. తెరమీద కనిపించిన గీత నున్నగా ఎక్కి దిగలేదు. ఉంటే పూర్తి ప్రవాహం, లేకుంటే సున్నా. ఒక్కో మార్గం సగం తెరుచుకోవడమంటూ ఉండదనీ, కణమంతటా కనిపించే నునుపైన మార్పు వేలాది మార్గాలు విడివిడిగా తెరుచుకుని మూసుకోవడం వల్ల వచ్చిన మొత్తమేననీ దాంతో తేలింది. 1991 నోబెల్ వీరిది.

నాడిలోని సోడియం మార్గం పని ఇలా ఉంటుంది. దాని నాలుగు భాగాల్లోనూ ధనావేశాలు మోసే ఒక్కో పోగు ఉంటుంది. విశ్రాంతిలో లోపలి రుణావేశం దాన్ని కిందికి లాగి పట్టి ఉంచుతుంది. వోల్టేజీ తేడా తగ్గగానే ఆ పోగు బయటివైపు జరుగుతుంది, దాని లాగుడుకు తలుపు తెరుచుకుంటుంది. సోడియం లోపలికి దూకుతుంది, తేడా ఇంకా తగ్గుతుంది, పక్కనున్న మార్గాలు కూడా తెరుచుకుంటాయి. సంకేతం ముందుకు పాకడం అంటే ఇదే. ఒకటి రెండు మిల్లీసెకన్లు గడిచేసరికి ప్రోటీన్ లోపలివైపు వేలాడే చిన్న ముక్క ఒకటి కదిలి ప్రవాహాన్ని ఆపేస్తుంది. ఆ ముక్కలో కీలకమైనవి మూడే మూడు అమైనో ఆమ్లాలు. అది నేరుగా రంధ్రంలో బిరడాలా దిగుతుందని చాలాకాలం అనుకున్నారు. గత దశాబ్దంలో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాల్లో అది రంధ్రం పక్కనున్న గుంటలో దూరి, అక్కడి నుంచి దారిని నొక్కేస్తున్నట్టు కనిపించింది. ఇలా ఆగిన మార్గం వోల్టేజీ మళ్లీ విశ్రాంతి స్థితికి వచ్చేదాకా తెరుచుకోదు. సంకేతం వెనక్కి తిరగకుండా ముందుకే పోవడానికీ, ఒక సంకేతానికీ మరో సంకేతానికీ మధ్య వ్యవధి ఉండటానికీ కారణం ఈ విరామమే.

అంటే మార్గానికి రెండు కాదు, మూడు స్థితులు: మూసి సిద్ధంగా ఉండటం, తెరుచుకోవడం, తెరుచుకున్నాక అలసి ఆగడం. ఏ పదార్థం ఏ స్థితిలో ఉన్న మార్గాన్ని పట్టుకుంటుందో దాన్నిబట్టే అది మందో విషమో తేలుతుంది.

మిర్చి దగ్గరికి వస్తే, టీఆర్‌పీవీ1ను 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. స్పర్శ, ఒత్తిడి మార్గాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి జూలియస్ 2021 వైద్య నోబెల్ అందుకున్నాడు. ఈ మార్గం మామూలుగా సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది, చర్మానికి కాలిన గాయం కాబోతోందని హెచ్చరించడానికి. క్యాప్సైసిన్ అతుక్కుంటే శరీర ఉష్ణోగ్రత దగ్గరే అది తెరుచుకుంటుంది. మెదడుకు రెండింటికీ తేడా తెలిసే వీలు లేదు, ఎందుకంటే కబురు మోసే తీగ ఒక్కటే. అందుకే కారం తింటే చెమట పడుతుంది. శరీరం నిజంగానే తనను చల్లబరుచుకోబోతుంది. కారపు మిర్చి బజ్జీ తిన్న నోటికి వేడి టీ మరింత మండేది కూడా ఇందుకే. క్యాప్సైసిన్ పట్టిన మార్గానికి కొంచెం వేడి చాలు.

మంటకు నీళ్లు తాగితే ఫలితం అంతంతమాత్రమే. క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. పైగా అది మార్గాన్ని పట్టుకునే చోటు బయట లేదు, కణపొర కొవ్వులో మునిగి ఉన్న గుంటలో ఉంది. పాలు, పెరుగు, కాస్త నూనె రాసి సబ్బుతో కడగడం వంటివే పనిచేస్తాయి. కాయలో ఈ పదార్థం పుట్టేది గింజల్లో అని చాలామంది అనుకుంటారు. అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో పుడుతుంది. తేజ రకంలో అది దండిగా ఉంటుంది. వరంగల్ చపాటా మిర్చిలో తక్కువ; ఎర్రటి రంగు కోసం, పచ్చళ్ల కోసం దాన్ని కోరుకుంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా విలువ కారంలో కాక రంగులో ఉండటం గమనించదగ్గది.

చిలుకలు మిరపపండ్లను హాయిగా తినడం పల్లెల్లో అందరూ చూసేదే. పక్షుల్లోనూ టీఆర్‌పీవీ1 ఉంది, వేడికి స్పందిస్తుంది. క్యాప్సైసిన్ అతుక్కునే చోట మాత్రం వాటి ప్రోటీన్ కూర్పు వేరు. ఎలుకలు గింజను కొరికి నాశనం చేస్తాయి. పక్షులు మింగి దూరంగా విసర్జిస్తాయి. అడవి మిరప తన శత్రువును తరిమి, గింజలు చల్లే నేస్తాన్ని పిలిచేలా ఒక మార్గంలోని స్వల్ప తేడాను వాడుకుంది.

తెరుచుకున్న మార్గం గుండా కాల్షియం చేరుతూ పోతే ఆ మార్గమే మొద్దుబారుతుంది. రోజూ కారం తినేవారికి మంట తక్కువ తెలియడంలో దీని పాత్ర ఉంది. ఇదే గుణాన్ని వైద్యం వాడుకుంటోంది. సర్పి తగ్గాక నెలల తరబడి పీడించే నరాల నొప్పికి ఎనిమిది శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీలను చర్మానికి అంటిస్తారు. మొదట తీవ్రంగా మంట, తర్వాత ఆ నాడుల చివరలు వారాల పాటు మౌనం.

ఇక పత్తి చేలు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ అన్నవి సింథటిక్ పైరెథ్రాయిడ్లు. చామంతి కుటుంబపు పువ్వుల్లో సహజంగా దొరికే పదార్థాన్ని చూసి తయారుచేసినవి. దోమల చుట్టల్లో, ఏజెన్సీ గ్రామాల్లో వాడే మందు పూసిన దోమతెరల్లో ఉండేవి కూడా ఈ కుటుంబానివే. ఇవి పురుగు నాడుల్లోని సోడియం మార్గాన్ని తెరుచుకున్న స్థితిలో పట్టుకుని మూతపడనివ్వవు. ఒక సంకేతం పోవాల్సిన చోట సంకేతాల వరద పోతుంది. పురుగు వణికి, కాళ్లు కొట్టుకుని, పక్షవాతంతో పడిపోతుంది. మనిషిలో ఇదే మార్గం ఈ మందులకు అంత లొంగదు. శరీరం వెచ్చగా ఉండటం, కాలేయం మందును త్వరగా విరగ్గొట్టడం కూడా కాపాడతాయి.

అయితే కాపాడటం అంటే పూర్తిగా తప్పించడం కాదు. పిచికారీ చేసి వచ్చిన మనిషికి సాయంత్రానికి ముఖం చిమచిమలాడటం, చెంపలు మండటం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన అనుభవం. దద్దురు ఉండదు, వాపు ఉండదు. చర్మంలోని నాడీ కొసల్లో సోడియం మార్గాలు ఆలస్యంగా మూసుకోవడమే కారణం. ఎండా చెమటా తగిలితే పెరుగుతుంది, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. వెంటనే సబ్బుతో బాగా కడుక్కోవాలి, మందు పడిన బట్టలు మార్చుకోవాలి. వాంతులు, చొంగ, చూపు మసకబారడం, ఊపిరాడకపోవడం ఉంటే అది వేరే కుటుంబపు మందు ప్రభావం కావచ్చు. డబ్బా తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. చేపల్లో మాత్రం పైరెథ్రాయిడ్లకు ఎదురొడ్డే శక్తి చాలా తక్కువ. లీటరు నీటికి మైక్రోగ్రాముల్లో ఉన్నా చంపగలవు. డబ్బాలు, పంపులు చెరువులో కడగడం ఎందుకు తప్పో చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

పురుగు మందుల దుకాణంలోని అరల్ని ఈ దృష్టితో చూస్తే ఒక క్రమం బయటపడుతుంది. ఇండాక్సాకార్బ్ గురి కూడా సోడియం మార్గమే, కానీ అది తెరిచి ఉంచదు, అలసి ఆగిన స్థితిలో పట్టుకుని మళ్లీ తెరుచుకోనివ్వదు. పచ్చదోమ, పేనుబంకలకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్‌లు నాడుల మధ్య సందేశం మోసే ఎసిటైల్‌కోలిన్‌తో తెరుచుకునే మార్గాన్ని పట్టుకుంటాయి. ఫిప్రోనిల్ క్లోరైడ్ మార్గాన్ని మూసి నాడికి ఉన్న కళ్లెం తెంచేస్తుంది. ఎమామెక్టిన్ బెంజోయేట్ మరో రకం క్లోరైడ్ మార్గాన్ని తెరిచే ఉంచి పురుగును చచ్చుబడేస్తుంది. ఆ రకం మార్గం మనుషుల్లో లేనే లేదు. మనుషుల్లో నులిపురుగుల వ్యాధులను తగ్గించిన ఐవర్‌మెక్టిన్ కూడా దీని బంధువే, దాని మూలాన్ని కనుగొన్నవారికి 2015లో నోబెల్ వచ్చింది.

ఇక్కడే రైతు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఉంది. డబ్బా మీద పేరు మారినంత మాత్రాన గురి మారదు. ఈ వారం ఒక కంపెనీ సైపర్‌మెత్రిన్, వచ్చే వారం ఇంకో కంపెనీ లామ్డా సైహలోత్రిన్ కొడితే మందు మార్చినట్టు కాదు, అదే మార్గాన్ని రెండోసారి కొట్టినట్టు. అంతర్జాతీయంగా పురుగు మందులను అవి పనిచేసే చోటును బట్టి అంకెల గుంపులుగా విభజించారు. పైరెథ్రాయిడ్లన్నీ 3ఏ, ఇండాక్సాకార్బ్ 22ఏ, ఇమిడాక్లోప్రిడ్ 4ఏ, ఫిప్రోనిల్ 2బీ, ఎమామెక్టిన్ 6. దుకాణదారు చెప్పిన పేరు కంటే ఈ అంకె ఎన్నో రెట్లు విలువైనది. వ్యవసాయ విస్తరణ సిబ్బంది ప్రతి రైతు వేదికలోనూ ఈ పట్టిక తెలుగులో గోడమీద రాయించాలి.

ఎందుకంటే ఒకే మార్గాన్ని పదే పదే కొడితే ఆ మార్గమే మారిపోతుంది. సోడియం మార్గంలో 1014వ స్థానంలోని లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫినైల్‌అలనిన్ వచ్చి చేరితే పైరెథ్రాయిడ్ అక్కడ సరిగా అతుక్కోదు. ఈ మార్పు మొదట ఇంటి ఈగల్లో, ఆ తర్వాత దోమలు సహా అనేక కీటకాల్లో కనిపించింది. డీడీటీ కూడా ఇదే మార్గాన్ని కొట్టేది కాబట్టి, డీడీటీకి అలవాటుపడ్డ కీటకాలు కొత్తగా వచ్చిన పైరెథ్రాయిడ్లను కూడా ముందే ఓడించగలిగాయి. మందును విరగ్గొట్టే ఎంజైములు పెంచుకోవడం పురుగులకున్న మరో దారి. మన దేశంలో శనగపచ్చ పురుగు 1980ల చివరి నుంచే పైరెథ్రాయిడ్లను తట్టుకుంటోంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పొగాకు లద్దెపురుగుకు పంటను పోగొట్టుకుని, అప్పుల్లో మునిగి, ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదానికి వడ్డీలు, వాతావరణం, నాసిరకం సరుకు ఇలా అనేక కారణాలున్నాయి. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావకపోవడం వాటిలో ఒకటి.

2002లో దేశంలోకి వచ్చిన బీటీ పత్తి కూడా ఒక విధంగా అయాన్ల కథే. ఆ మొక్క తయారుచేసే ప్రోటీన్ పురుగు పేగు కణాల మీది గ్రాహకాలకు అతుక్కుని, కణపొరలో కొత్త రంధ్రాలు పొడుస్తుంది. ఆ రంధ్రాలకు తలుపూ లేదు, ఎంపికా లేదు. అయాన్లూ నీరూ లోపలికి పోయి కణాలు ఉబ్బి పగులుతాయి. గులాబీ రంగు పురుగు దీన్ని కూడా గెలిచింది, ఆ గ్రాహకాల్లో ఒకదాని కూర్పును మార్చుకుని. రంధ్రం పొడిచే ప్రోటీన్ ఆనుకునేందుకు చోటు లేకుండా పోయింది.

ఎర్ర తేలు విషం పైరెథ్రాయిడ్ చేసే పనినే మరో వైపు నుంచి చేస్తుంది. విషంలోని ఒక రకం ప్రోటీన్లు సోడియం మార్గాన్ని బయటి నుంచి పట్టుకుని, మూతపడటానికి సంకేతమిచ్చే నాలుగో పోగును కదలనివ్వవు. గుండె, చెమట వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచాలక నాడులు ఆగకుండా మోగుతాయి: ఒళ్లంతా చెమట, చల్లబడిన కాళ్లూ చేతులూ, పెరిగిన రక్తపోటు, ఆపై గుండె అలసి ఊపిరితిత్తుల్లో నీరు. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్, రక్తనాళాలను సడలించే ప్రజోసిన్ మాత్రలతో ఈ మరణాలను బాగా తగ్గించవచ్చని చూపించాడు. ప్రజోసిన్ అయాన్ మార్గాన్ని ముట్టుకోదు. ఆ నాడుల సందేశం అందుకునే చోటును మూసేస్తుంది. మంత్రాలతో, ఆకు పసరుతో గడిపే గంటల్లో గుండె పాడవుతుంది కాబట్టి పిల్లల విషయంలో మరీ తొందరపడాలి. ఇదే ఎర్ర తేలు విషం నుంచి 1990లో వేరుచేసిన ఐబీరియోటాక్సిన్ ఒక పొటాషియం మార్గాన్ని మాత్రమే మూసేస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో ఆ మార్గాన్ని అధ్యయనం చేయడానికి అది పనిముట్టుగా మారింది.

పంటి వైద్యుడు ఇచ్చే లిడోకైన్ సూదిమందు సోడియం మార్గాన్ని మూసేస్తుంది. ఎక్కువగా పనిచేస్తున్న నాడిలోని మార్గాలను, అంటే పదే పదే తెరుచుకుని ఆగుతున్నవాటిని, అది మరింత గట్టిగా పట్టుకుంటుంది. నొప్పితో అల్లాడుతున్న నాడికి అది ముందుగా తగలడం ఈ గుణం వల్లే. కానీ అది మార్గాన్ని చేరేది కణం లోపలి నుంచి, అందుకు మొదట కణపొర దాటాలి. చీము పట్టిన పన్ను చుట్టూ ఆమ్లత పెరుగుతుంది. అక్కడ లిడోకైన్ అణువుల్లో ఎక్కువ భాగం ఆవేశం పొంది, కొవ్వు పొరను దాటలేక బయటే నిలిచిపోతాయి. మత్తు ఎక్కలేదని రోగి చెప్పేది అబద్ధం కాదు, భయం కాదు. ముందు చీము తగ్గించే మందులిచ్చి తర్వాత పన్ను తీద్దామని వైద్యుడు అనడంలో ఈ కారణమూ ఉంది.

2007లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం మిర్చినీ మత్తుమందునూ ఒకచోట చేర్చింది. ఎప్పుడూ ఆవేశంతోనే ఉండే, కాబట్టి కణపొరను దాటలేని ఒక లిడోకైన్ రకాన్ని క్యాప్సైసిన్‌తో కలిపి ఇచ్చారు. క్యాప్సైసిన్ తెరిచిన టీఆర్‌పీవీ1 దారిగుండానే ఆ మందు లోపలికి వెళ్లింది. ఆ మార్గం ప్రధానంగా నొప్పి నాడుల్లోనే ఉంటుంది కనుక నొప్పి ఆగింది, కదలిక మాత్రం పోలేదు.

లిడోకైన్ లోపం అదే: అన్ని సోడియం మార్గాలనూ ఒకేలా పట్టుకుంటుంది. మనిషిలో ఇవి తొమ్మిది రకాలు. కొన్ని మెదడులో, ఒకటి గుండెలో, మరొకటి కండరాల్లో, మూడు ప్రధానంగా నొప్పి నాడుల్లో. 2006లో ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన కొన్ని కుటుంబాల్లో పుట్టుక నుంచీ నొప్పే తెలియనివారిని పరిశీలించినప్పుడు, వారిలో ఏడో రకం సోడియం మార్గం పనిచేయడం లేదని తేలింది. మిగతా స్పర్శ అంతా మామూలే. నొప్పిని మాత్రమే ఆపే మందు సాధ్యమేనన్న ఆశ అక్కడ పుట్టింది. ఏడో రకం మీద మందులు ఇంకా ఫలించలేదు. ఎనిమిదో రకాన్ని మాత్రమే మూసే సుజెట్రిజిన్‌ను 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. అది నల్లమందు జాతి మందు కాదు, మత్తుకు అలవాటు చేయదు. శస్త్రచికిత్స తర్వాతి నొప్పి మీద జరిపిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేసింది, వాడుకలో ఉన్న నల్లమందు జాతి మిశ్రమాన్ని మాత్రం మించలేదు. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని ఏళ్ల తరబడి అరికాళ్లు మండేవారి మీద దాని పరీక్షలు మొదలయ్యాయి.